ఒకే ప్రోగ్రాం, రెండు ఇంటర్‌ప్రెటర్లు, రెండు జవాబులు. ఏది కరెక్ట్?

నాగావళి_గట్టు
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి తెలుగు కీవర్డ్‌లతో చిన్న భాష ఒకటి చేశాను. పేరు "లెక్క". పూర్ణాంకాలు, వేరియబుల్స్, అయితే/లేకపోతే, ఉన్నంతవరకు, అంతే. పలాసలో మా మావయ్యకి జీడిపప్పు యూనిట్ ఉంది, 40 మంది దాకా పనిచేస్తారు. రెండు నెలలుగా శనివారం బట్వాడా లెక్కలు దీంతోనే వేస్తున్నాం.

మొదట ఇంటర్‌ప్రెటర్, అంటే ఆ భాషలో రాసినదాన్ని చదివి నడిపే ప్రోగ్రాం, పైథాన్‌లో రాశాను. మావయ్య దగ్గరున్న పాత కంప్యూటర్‌లో నెమ్మదిగా నడుస్తోందని నా ఫ్రెండ్ దాన్నే సీ భాషలో మళ్ళీ రాశాడు. మొన్న రెండూ పక్కపక్కన పెట్టి నడిపాం. ఒకామె అడ్వాన్సు బాకీ −175. సగం ఈ వారం, సగం పై వారం పట్టుకోవాలి. ప్రోగ్రాంలో లైను ఇది:

కోత = బాకీ / 2

పైథాన్‌ది −88 అంది, సీది −87 అంది. ఇద్దరం కోడ్ మూడుసార్లు చదివాం. ఇద్దరి కోడ్‌లోనూ తప్పు కనబడలేదు. గైడ్‌కి చూపిస్తే ఒకటే అడిగారు: "నీ భాషకి సెమాంటిక్స్ ఎక్కడ రాశావు?" సెమాంటిక్స్ అంటే ఏ లైనుకి అర్థమేమిటో చెప్పే నిర్వచనం. ఎక్కడా రాయలేదు. గ్రామర్ (ఏది ఎలా టైప్ చేయాలో) రెండు పేజీలు రాశాను, అర్థం ఇంటర్‌ప్రెటర్‌లో ఉంది కదా అనుకున్నాను. ఫార్మల్‌గా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? రివ్యూకి మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.

కాశీబుగ్గ_కుర్రోడు
రూపాయి తేడాకి ఇంత గొడవేటి బావా. రౌండ్ చేసీ, అయిపోద్ది.

నాగావళి_గట్టు
ఎటు రౌండ్ చేయాలి అన్నదే కదా ప్రశ్న. పైగా అది వాళ్ళ కూలి డబ్బు. రూపాయి ఎందుకు తగ్గిందని ఆవిడ అడిగితే "కంప్యూటర్ అలా అంది" అని చెప్పలేను.

వంశధార72
కోడ్‌లో తప్పు లేదన్నది నిజమే బాబూ. పైథాన్‌లో పూర్ణాంక భాగహారం కిందికి దిగుతుంది: −87.5 కింద ఉన్న పూర్ణాంకం −88. సీ సున్నా వైపు జరుగుతుంది: −87. సీలో కూడా మొదట్నించీ ఇలా లేదు. 1989 ప్రమాణంలో రుణసంఖ్యలు వస్తే ఎటు పోవాలన్నది కంపైలర్‌కి (సీ కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే ప్రోగ్రాంకి) వదిలేశారు. 1999 ప్రమాణంలో సున్నా వైపు అని ఖాయం చేశారు.

పైథాన్ పద్ధతికీ కారణం ఉంది. −7ని 2తో భాగిస్తే అక్కడ శేషం 1 వస్తుంది, సీలో −1 వస్తుంది. వారాలు, గంటలు లెక్కపెట్టేటప్పుడు శేషం ఎప్పుడూ రుణాత్మకం కాకుండా ఉంటే పని సుఖంగా సాగుతుంది.

రెండూ నిలబడే నిర్వచనాలే. ఏది కావాలో నువ్వు చెప్పలేదు, కాబట్టి ఇంటర్‌ప్రెటర్ ఏ భాషలో రాశారో ఆ భాష నీ తరఫున చెప్పేసింది.

గంటస్తంభం_దగ్గర
12 ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, నా మాట వినండి. పైథాన్ వెర్షనే అసలుది అని ప్రకటించు. సీ వెర్షన్ దానికి భిన్నంగా వస్తే సీదే బగ్. ఓ 200 టెస్టులు రాసి రెండింటి మీదా నడుపు. లోకంలో సగం భాషలు ఇలాగే బతుకుతున్నాయి. గ్రీకు అక్షరాలతో పేజీలు నింపితే మీ మావయ్య బట్వాడా ముందుకి సాగదు.

బొబ్బిలి_తంత్రి
@గంటస్తంభం_దగ్గర టెస్టులు రాయమన్నది మంచి సలహాయే అన్నా. "ఇంటర్‌ప్రెటరే నిర్వచనం" అన్నదాంతో మాత్రం నాకు పేచీ ఉంది. దీని మీద కంప్యూటర్ శాస్త్రవేత్త జాన్ రేనాల్డ్స్ 1972లోనే పెద్ద వ్యాసం రాశారు. ఒక భాషకి ఇంటర్‌ప్రెటర్ రాసి అదే నిర్వచనం అంటే, ఆ ఇంటర్‌ప్రెటర్ రాసిన భాష గుణాలు ఇందులోకి చడీచప్పుడూ లేకుండా వచ్చేస్తాయి. ఆర్గ్యుమెంట్లు ఏ వరసలో లెక్కకట్టాలి అన్నది కూడా అలాగే జారిపోతుంది. ఈ తమ్ముడికి జరిగింది అచ్చంగా అదే. −88 అన్నది అతను తీసుకున్న నిర్ణయం కాదు, పైథాన్‌ది.

ఇంకోటి. రేపు పైథాన్ వెర్షన్‌లో నిజంగానే బగ్ ఉంటే? అదే నిర్వచనం అయినప్పుడు దాన్ని బగ్ అనే వీలు కూడా ఉండదు.

రాజాం_పిల్ల
నా కడుపుమంట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మా కాలేజీలో సీ ల్యాబ్ ఎక్స్‌టర్నల్. ప్రశ్న:

ఐ = 5; జె = ఐ++ + ++ఐ; జె విలువ ఎంత?

నేను "సీ ప్రమాణం దీన్ని నిర్వచించలేదు, ఏదైనా రావచ్చు" అని రాశాను. సున్నా మార్కులు. ఆయనకి కావాల్సింది 12, ఎందుకంటే ల్యాబ్ మిషన్ 12 చూపిస్తుంది. "మిషన్ చూపిస్తుంటే నువ్వు లేదంటావేంటమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. హెచ్చరికలన్నీ ఆన్ చేస్తే జీసీసీ కంపైలర్ తనే చెబుతుంది ఈ లైను నమ్మకండి అని. అది చూపిస్తానన్నా చూడలేదు.

గంటస్తంభం_దగ్గర
@రాజాం_పిల్ల ఇందులో మాత్రం పూర్తిగా నీ వైపే చెల్లీ. అదే లైను జావాలో రాస్తే 12 అని ధైర్యంగా చెప్పొచ్చు. ఎడమ నుంచి కుడికి లెక్కకట్టాలని జావా స్పెసిఫికేషన్‌లోనే (భాష నిర్వచన పత్రంలోనే) ఉంది: ఐ++ పాత విలువ 5 ఇచ్చి ఐని 6 చేస్తుంది, ఆ తర్వాత ++ఐ దాన్ని 7 చేసి ఆ 7 ఇస్తుంది. సీలో ఆ మాట లేదు.

ఆమదాలవలస_జంక్షన్
నాకు కంప్యూటర్ చదువు లేదు, మా అబ్బాయి చదివి చెబుతుంటే వింటున్నాను. మా చిన్నప్పుడు కుంచం లెక్క ఇలాగే ఉండేది. నాలుగు మానికలు ఒక కుంచం, అది అందరికీ తెలుసు. కానీ మా ఊరి మానిక వేరు, అమ్మగారి ఊరి మానిక వేరు. ధాన్యం అప్పు తీర్చేటప్పుడు ఎవరి కుంచంతో కొలవాలన్న దగ్గరే తగువు. చివరికి మా తాత అప్పు పత్రంలో "ఫలానా వారి ఇంటి కుంచముతో" అని రాయించడం మొదలుపెట్టారు.

బొబ్బిలి_తంత్రి
@ఆమదాలవలస_జంక్షన్ బాబాయ్, ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

@నాగావళి_గట్టు ఇక అసలు పని. బెదిరిపోకు, నీ భాష చిన్నది. నేను వాడే పద్ధతిలో గీత పైన రాసినవి జరిగితే, గీత కిందది జరుగుతుంది. "స" అంటే ప్రస్తుతం ఏ వేరియబుల్‌లో ఏముందో చెప్పే స్థితి. "⇓" అంటే "లెక్కకడితే వచ్చేది". కూడికకి సూత్రం:

అ, స ⇓ మ  ఆ, స ⇓ న
――――――――――――
(అ + ఆ), స ⇓ మ + న

ఇక్కడ ప్లస్‌లు రెండున్నాయి, చూడు. ⇓కి ఎడమ వైపున్నది నీ ప్రోగ్రాంలో టైప్ చేసిన గుర్తు. కుడి వైపున్నది గణితంలోని కూడిక. కూడికతో చిక్కు రాదు, ఎందుకంటే పూర్ణాంకాల కూడిక ఏమిటో అందరికీ ఒకటే. ఇప్పుడు ఇదే సూత్రం భాగహారానికి రాయి. కుడి వైపు ఏం రాస్తావు?

నాగావళి_గట్టు
(అ / ఆ), స ⇓ మ / న అని రాశాను అక్కా. రాశాక తెలిసింది. కుడి వైపు భాగహారం ఎవరిది? గణితంలో అయితే −87.5, కానీ నా భాషలో దశాంశాలు లేవు. అంటే అక్కడ నేనే ఒక పదం నిర్వచించాలి.

బొబ్బిలి_తంత్రి
అదీ. మీ −88, −87 గొడవంతా ఆ ఒక్క చోటే ఉంది. గీత పైన "న సున్నా కాదు" అన్నది కూడా పెట్టాలి, మర్చిపోకు. అది పెట్టాక, న సున్నా అయితే ఏ సూత్రమూ వర్తించదు. అప్పుడు ఏం జరగాలో ఇంకో సూత్రం రాయాలి.

ఇక "మరియు"కి, అంటే రెండు షరతులూ నిజమైతేనే నిజమయ్యేదానికి, సూత్రం రాసి చూడు.

నాగావళి_గట్టు
రాత్రి కూర్చుని రాశాను. రెండు సూత్రాలు వచ్చాయి.

అ, స ⇓ అబద్ధం
――――――――――――
(అ మరియు ఆ), స ⇓ అబద్ధం

అ, స ⇓ నిజం  ఆ, స ⇓ వ
――――――――――――
(అ మరియు ఆ), స ⇓ వ

మొదటి సూత్రంలో గీత పైన "ఆ" లేనే లేదు. అంటే మొదటిది అబద్ధమైతే రెండోదాని జోలికే పోకూడదు. ఇది రాసి నా పైథాన్ కోడ్ తెరిస్తే, నేను రెండు వైపులా ముందే లెక్కకట్టేసి ఆ తర్వాత కలుపుతున్నాను! ఫ్రెండ్ సీలో, ఎడమది అబద్ధమైతే కుడిదాన్ని ముట్టుకోని, && వాడాడు కాబట్టి వాడిది సూత్రం ప్రకారమే ఉంది. మా ప్రోగ్రాంలో ఇలాంటి లైను ఉంది:

రోజులు > 0 మరియు కూలి / రోజులు > 300

వారమంతా రాని మనిషికి రోజులు సున్నా. పైథాన్ వెర్షన్ అక్కడ ఆగిపోవాలి. రెండు నెలల్లో అలా ఆగలేదంటే, రానివాళ్ళ పేరు గుమాస్తాగారు మస్తరులో ఎక్కించకపోవడం వల్లే. ఎవరైనా పేరు రాసి సున్నా వేసి ఉంటే శనివారం సాయంత్రం 40 మంది నిలబడి ఉండగా మిషన్ ఆగిపోయేది. తలచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.

కాశీబుగ్గ_కుర్రోడు
నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా బావా. నిజం చెప్పాలంటే, గీత పైన లేదు కాబట్టి ముట్టుకోకూడదు అన్నది నాకు ఇప్పుడే ఎక్కింది. && గురించి మూడేళ్ళుగా బట్టీ పడుతున్నా.

చీపురుపల్లి_పంతులు
సూత్రాలనేసరికి పాణిని గుర్తొచ్చాడు. సుమారు 4000 సూత్రాల్లో భాషనంతా కట్టేశాడు. గ్రామర్లు రాసే బాకస్ పద్ధతిని పాణిని-బాకస్ పద్ధతి అని పిలవాలని 1967లో ఒక కంప్యూటర్ పత్రికకి ఉత్తరం కూడా రాశారు. ఇదంతా మనవాళ్ళు ముందే చేశారు.

వంశధార72
పంతులుగారూ, పాణిని మీద నాకూ అంతే గౌరవం. అయితే ఆ ఉత్తరం రూపం గురించి, అంటే సింటాక్స్ గురించి. ఈ అబ్బాయికి గ్రామర్‌తో ఇబ్బంది లేదు, రెండు పేజీలు రాశాడు. అర్థంతోనే ఇబ్బంది.

కానీ అష్టాధ్యాయిలో ఇక్కడ పనికొచ్చే చోటు ఒకటుంది. "విప్రతిషేధే పరం కార్యమ్", 1.4.2. రెండు సూత్రాలు ఒకేచోట పోటీపడితే పరమైనదే జరగాలి. "పర" అంటే గ్రంథంలో తర్వాత వచ్చిన సూత్రం అని సంప్రదాయం చెబుతుంది. పదంలో కుడి భాగానికి వర్తించే సూత్రం అని 2022లో కేంబ్రిడ్జి పీహెచ్‌డీలో రిషి రాజ్‌పోపట్ వాదించారు. అంత బిగువుగా కట్టిన శాస్త్రంలో ఒక్క మాట అర్థం మీద ఇంత చర్చ నడుస్తోందంటే, మనం మామూలు వచనంలో రాసే స్పెసిఫికేషన్ల గతి ఆలోచించండి.

పాత కంప్యూటర్ భాష ఆల్గాల్ 60 సంగతి అదే. సింటాక్స్ బాకస్ పద్ధతిలో ముచ్చటగా రాశారు, అర్థం మాత్రం ఇంగ్లీషు వాక్యాల్లో రాశారు. ఎంతో జాగ్రత్తగా రాసిన పత్రమే. అయినా అందులో మిగిలిపోయిన చిక్కుల జాబితా ఒకటి 1967లో డోనాల్డ్ కనూత్ ప్రచురించాల్సి వచ్చింది. ఫంక్షన్ లోపల వేరియబుల్ మారిస్తే లెక్క ఏ వరసలో కట్టాలన్నది అందులో ఉంది. అంటే రాజాం అమ్మాయికి మార్కులు పోయిన ప్రశ్నకి దగ్గరి చుట్టమే.

ఆ తర్వాతే దారులు పడ్డాయి. ప్రోగ్రాంకి ముందు ఏది నిజం, తర్వాత ఏది నిజం అని చెప్పే దారి ఫ్లాయిడ్ 1967లో, హోర్ 1969లో వేశారు. ప్రోగ్రాంని గణిత ఫంక్షన్‌గా చూసే దారి స్కాట్, స్ట్రాచీలది. ఇక్కడ బొబ్బిలి అమ్మాయి చూపిస్తున్న గీతల పద్ధతికి మూలం 1981లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో గోర్డన్ ప్లాట్కిన్ రాసిన నోట్సు. మెట్టు మెట్టుగా కాకుండా ఒకేసారి చివరి విలువకి వెళ్ళే ఈ రకాన్ని 1987లో జీల్ కాన్ సహజ సెమాంటిక్స్ అన్నారు.

గంటస్తంభం_దగ్గర
మాస్టారూ, చరిత్ర బాగుంది. నా అనుమానం మాత్రం అలాగే ఉంది. చిన్న భాషకి రాయగలం. సీ మొత్తానికో, జావాస్క్రిప్ట్ మొత్తానికో ఎవరు రాస్తారు? రాసినా పనిచేసేవాడికి ఒరిగేదేమిటి?

బొబ్బిలి_తంత్రి
రాశారు అన్నా. స్టాండర్డ్ ఎంఎల్ అనే భాష నిర్వచనం 1990లో పుస్తకంగా వచ్చింది, భాష మొత్తం ఇలాంటి సూత్రాల్లోనే ఉంది. సీకి 2012లో ఎలిసన్, రోషు కే ఫ్రేమ్‌వర్క్ అనే టూల్‌లో నడిపి చూడగలిగే సెమాంటిక్స్ రాశారు. మన బ్రౌజర్లు నడిపే వెబ్‌అసెంబ్లీ అనే కోడ్ భాషకి మొదట్నించీ సెమాంటిక్స్ పక్కనే రాసుకుంటూ వచ్చారు, 2017లో ప్రచురించారు. ఆ రాసినదాన్ని కాన్రాడ్ వాట్ ఇసబెల్ అనే నిరూపణ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, స్పెసిఫికేషన్‌లోనే పొరపాట్లు బయటపడ్డాయి. దిద్దుకున్నారు.

ఒరిగేదేమిటి అన్నారు. జేవియర్ లెరోయ్ బృందం కంప్‌సర్ట్ అనే సీ కంపైలర్ చేసింది. సీకి, అసెంబ్లీకి (మిషన్‌కి దగ్గరి భాషకి) సెమాంటిక్స్ రాసి, కంపైల్ చేశాక అర్థం మారదని కాక్ అనే నిరూపణ సాఫ్ట్‌వేర్‌లో నిరూపించారు. ఇప్పుడు ఆ కాక్ పేరు రాక్ అయింది. 2011లో సీస్మిత్ అనే టూల్ యాదృచ్ఛికంగా సీ ప్రోగ్రాంలు పుట్టించి కంపైలర్ల మీదికి వదిలింది. మొత్తం 325కి పైగా బగ్‌లు దొరికాయి, అందరం వాడే జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎంలలో కూడా. కంప్‌సర్ట్‌లో నిరూపించిన మధ్య భాగంలో ఒక్కటీ దొరకలేదు. నిరూపించని అంచుల్లో మాత్రం దొరికాయి.

గంటస్తంభం_దగ్గర
నిరూపించని చోట దొరికి, నిరూపించిన చోట దొరకలేదన్నది గట్టి మాటే. అయినా నా టెస్టులు నేను వదలను.

బొబ్బిలి_తంత్రి
వదలొద్దు అన్నా. సీస్మిత్ కూడా టెస్టే కదా.

నాగావళి_గట్టు
కొత్త చిక్కు. భాగహారానికి కుడి వైపు ఏం రాయాలో తేల్చుకోలేక మావయ్యకి ఫోన్ చేశాను. కంప్యూటర్ రాకముందు ఎలా వేసేవారని అడిగితే గుమాస్తాగారికి ఫోనిచ్చారు. ఆయన దగ్గర తిత్లీ తుపాను ఏడాది, అంటే 2018 మస్తరు కూడా ఉంది. ఆ ఏడు ఉద్దానంలో చెట్లు పడిపోయి అందరికీ అడ్వాన్సులు ఎక్కువ ఇచ్చారట. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు: "అర్ధ రూపాయొస్తే మనిషి వైపే బాబూ. పట్టుకునేటప్పుడు తగ్గించి పడతాం, ఇచ్చేటప్పుడు పెంచి ఇస్తాం."

పట్టుకునేటప్పుడు −87.5 అయితే −87. సరే, సీ కరెక్ట్ అని ఫ్రెండ్ గెంతాడు. కానీ మాకు ఇద్దరు కలిసి ఒక గంప పని చేస్తే కూలి సగం సగం చేసే లైను కూడా ఉంది. 175 సగం 87.5. గుమాస్తాగారి లెక్కలో ఒక్కొక్కరికి 88. పైథాన్ 87 ఇస్తుంది, సీ కూడా 87 ఇస్తుంది!

రెండు ఇంటర్‌ప్రెటర్లూ ఒకే జవాబు చెప్పిన చోట రెండూ తప్పే. జంటగా పనిచేసినవాళ్ళకి కొన్ని వారాలు రూపాయి చొప్పున తక్కువిచ్చాం. మావయ్యకి చెప్పాను. పాత బట్వాడాలన్నీ తిరగేసి వచ్చే శనివారం కలిపి ఇచ్చేద్దామన్నారు.

గంటస్తంభం_దగ్గర
ఇది చదివి కాసేపు ఆగాను తమ్ముడూ. రెండింటినీ పోల్చే నా 200 టెస్టుల్లో ఇది ఒక్కదానిలోనూ పడేది కాదు. రెండూ 87 అంటే పచ్చ టిక్కు పడిపోయేది.

వంశధార72
గుమాస్తాగారి సూత్రం చక్కగా ఉంది. నిజమైన భాగఫలం కన్నా తక్కువ కాని అతి చిన్న పూర్ణాంకం. −87.5కి −87, 87.5కి 88. గుర్తుతో పనిలేకుండా ఒకే వాక్యం.

రాజాం_పిల్ల
ఆగండి. భాగహారం అలా మారిస్తే శేషం కూడా మారాలి కదా? 175 = 88 × 2 + శేషం, అంటే శేషం −1. 2తో భాగిస్తే బేసి సంఖ్యలన్నిటికీ శేషం −1 వస్తుంది. "శేషం = 1 అయితే బేసి" అని రాసిన ప్రతి ప్రోగ్రాం తప్పిపోతుంది.

నాగావళి_గట్టు
బాబోయ్. మా టోకెన్ నంబర్లలో సరి, బేసి వరసలు వేరు చేసే లైను సరిగ్గా అలాగే ఉంది.

బొబ్బిలి_తంత్రి
అందరి ముందూ మెచ్చుకోవాలి రాజాం చెల్లీ. తమ్ముడూ, ఒక గుర్తు మీద రెండు పనులు పెట్టకు. భాగహారం, శేషం జంటగా పైథాన్ పద్ధతిలో ఉంచు. డబ్బు పంచడానికి వేరే మాట పెట్టు, దానికి వేరే సూత్రం రాయి.

వంశధార72
నేను ఒప్పుకోను. వాడేది గుమాస్తాగారు. ఆయనకి భాగహారం అంటే పంచడమే. రెండు గుర్తులుంటే ఏదో ఒకరోజు పంచాల్సిన చోట / కొడతారు.

బొబ్బిలి_తంత్రి
అందుకే హోర్ దారి పక్కన పెట్టుకోవాలి మాస్టారూ. "కోత బాకీలో సగానికి మించదు, కూలి సగానికి తగ్గదు" అన్నది ప్రోగ్రాం తర్వాత నిజంగా ఉండాల్సిన షరతుగా రాస్తే, పొరపాటున / వాడిన లైను అక్కడే దొరుకుతుంది.

నాగావళి_గట్టు
నాలుగు రోజులు పట్టింది. రెండు గుర్తులే పెట్టాను మాస్టారూ, కోప్పడకండి. గుమాస్తాగారిని అడిగితే ఆయనే పేరు పెట్టారు, "పంచు".

అ, స ⇓ మ  ఆ, స ⇓ న  న ≠ 0
――――――――――――
(అ పంచు ఆ), స ⇓ క

ఇక్కడ క అంటే మ/న కన్నా తక్కువ కాని అతి చిన్న పూర్ణాంకం. పైథాన్‌లో −((−మ) // న) అని ఒక్క లైనులో వచ్చింది (// అంటే పైథాన్‌లో కిందికి దిగే భాగహారం). సీలో ఫ్రెండ్ శేషం చూసి ఒకటి కలిపాడు: శేషం ఉండి, శేషం గుర్తు, న గుర్తు ఒకటే అయితే. మామూలు / కూడా సూత్రం ప్రకారం కిందికే దిగేలా సీలో మార్చాడు. మరియు పైథాన్‌లో దిద్దాను. సున్నాతో భాగిస్తే "పొరపాటు" అనే ప్రత్యేక ఫలితం వస్తుంది, అది పైదాకా ఎలా పాకుతుందో ఇంకో ఆరు సూత్రాలు. మొత్తం 23 అయ్యాయి, నాలుగు పేజీలు.

నిన్న 2018 మస్తరులో ఒక నెల ఎక్కించి రెండింటి మీదా నడిపాం. గుమాస్తాగారు కళ్ళజోడు పెట్టుకుని చేతి లెక్కతో ఒక్కో లైను కలిపి చూశారు. కోతలు కలిశాయి, కూలీలు కలిశాయి. ఒక్క పేరు దగ్గర తేడా వచ్చింది. ఆమెకి అడ్వాన్సే లేదు, బాకీ అన్న వేరియబుల్‌కి ఎక్కడా విలువ ఇవ్వలేదు. పైథాన్ వెర్షన్ పొరపాటు అంది, సీ వెర్షన్ సున్నా అనుకుని ముందుకి పోయింది.

బొబ్బిలి_తంత్రి
విలువ ఇవ్వని వేరియబుల్‌కి సూత్రం రాశావా?

నాగావళి_గట్టు
లేదక్కా. 24వది అదే. ఈ రాత్రి రాస్తాను.

కాశీబుగ్గ_కుర్రోడు
రివ్యూ అయ్యాక ఇక్కడ అందరికీ తలో పావుకిలో గుండు పప్పు నీ బాకీ బావా. అది మాత్రం పంచుతోనే పంచు.